పాత గేములు ఎందుకు ఆగిపోయాయి, ఎవరు నడిపిస్తున్నారు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణాలకు ఇప్పటికీ ఒక కోరిక వస్తూ ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో ‘రోడ్ రాష్’ వేసి ఇవ్వండి, ‘ప్రిన్స్’ వేసి ఇవ్వండి అని. అడిగేవాళ్లు చాలావరకు 2000కు అటూ ఇటూ హైస్కూల్లో చదివినవాళ్లు, ఇప్పుడు తమ పిల్లలకు చూపించాలని వాళ్ల ముచ్చట. పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డరు కాపీ చేసి గేమ్ తెరవబోతే, ఈ యాప్ మీ పీసీలో నడవదని విండోస్ 11 ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. గేమ్ పాడైందని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ ఫైళ్లలో ఒక్క బైటు కూడా మారి ఉండకపోవచ్చు. మారింది అవి నమ్ముకున్న కంప్యూటర్.

ఈ గేములు మన జిల్లాలకు కంపెనీల ద్వారా రాలేదు. తొంభైల చివర వెలిసిన కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు, ఆ తర్వాత ఇంటర్నెట్ సెంటర్లు, అక్కడక్కడా ప్రైవేటు బడుల ల్యాబులు వాటికి అడ్డాలు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి విడిభాగాలు తెచ్చి సిస్టమ్ బిగించే కుర్రాళ్లే, అడిగినా అడగకపోయినా గేములు కూడా ఎక్కించి ఇచ్చేవాళ్లు. మొదట ఫ్లాపీలు, తర్వాత కాపీ సీడీలు. బిల్లు పెట్టి కొన్న అసలు డిస్కు చూసినవాళ్లు అరుదు. విడుదలైన వరుసలోనూ అవి రాలేదు. అమెరికా ప్రోగ్రామర్ జాన్ రొమేరో 1988లో యాపిల్-2 కంప్యూటర్ కోసం రాసి, తర్వాత డాస్‌కు (విండోస్‌కు ముందు పీసీలను నడిపిన వ్యవస్థకు) మార్చిన ‘డేంజరస్ డేవ్’ను దేవరకొండ పిల్లవాడు పదిపన్నెండేళ్ల తర్వాత విండోస్ 98లో ఆడాడు. పక్క సిస్టమ్‌లో 2000 డిసెంబరు నాటి ‘ప్రాజెక్ట్ ఐజీఐ’ ఉండేది. వాడికి రెండూ ఒకే కాలం గేములు. కంప్యూటర్‌కు మాత్రం కావు.

డాస్ కాలపు గేమ్ దేనినీ అడిగి చేసేది కాదు. తెర మీద బొమ్మ కావాలంటే వీడియో మెమరీలోకి, శబ్దం కావాలంటే సౌండ్ కార్డు పోర్టులోకి నేరుగా రాసేది. విండోస్ 95, 98ల అడుగున డాస్ ఇంకా ఉండేది కాబట్టి సాగింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ డాస్ పునాదిని వదిలేసింది. పాత ప్రోగ్రాముల కోసం ఒక నకలు డాస్ మిగిల్చినా, అందులో చాలా గేములు మూగవయ్యాయి. ఇంకొన్ని గేములు ప్రాసెసర్ వేగాన్నే గడియారంగా వాడుకునేవి. కొత్త పెంటియం ప్రాసెసర్లో వాటిని పెడితే మన చెయ్యి కదిలేలోపే ఆట ముగిసేది. ఒకప్పటి సీపీయూ డబ్బాలకు ‘టర్బో’ మీట ఉండేది ఇలాంటి ప్రోగ్రాముల కోసమే. పేరుకు టర్బో, దానితో జరిగే అసలు మేలు మాత్రం వేగం తగ్గించుకోగలగడం.

అసలు దెబ్బ 64 బిట్ విండోస్‌తో పడింది. ప్రాసెసర్ ఒకేసారి పట్టుకునే సమాచారాన్ని బిట్లలో లెక్కిస్తారు, డాస్ కాలపు ప్రోగ్రాములు చాలావరకు 16 బిట్‌వి. ప్రాసెసర్ 64 బిట్ పద్ధతిలో నడుస్తున్నప్పుడు, డాస్ ప్రోగ్రాములకు ఆధారమైన ‘వర్చువల్ 8086’ సౌకర్యం అందులో ఉండదు. మైక్రోసాఫ్ట్ 16 బిట్ ప్రోగ్రాములకు పూర్తిగా తలుపు మూసింది. 2021లో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ రూపమే లేదు. ఇందులో ఒక తమాషా ఉంది. విండోస్ 95 నాటి గేములు కొన్ని 32 బిట్‌వే, ఇప్పటికీ నడవగలవు. కానీ వాటిని ఎక్కించే సెటప్ 16 బిట్‌ది. ఇంట్లో మనిషి ఉన్నా గడప దగ్గరే ఆపేసినట్టు.

విండోస్‌తో పాటు ఇచ్చిన కంపెనీకే పాత గేమ్ లొంగకపోవడానికి మంచి ఉదాహరణ పిన్‌బాల్. ఎక్స్‌పీ ఉన్న ప్రతి ఇంటర్నెట్ సెంటర్లోనూ ‘స్పేస్ కేడెట్’ అనే ఆ పిన్‌బాల్ ఉండేది, గంటకింత అని కట్టిన డబ్బు సగం దానికే పోయేది. ఎక్స్‌పీ తర్వాతి విండోస్ విస్టా వచ్చేసరికి మాయమైంది. 64 బిట్‌కు మార్చినప్పుడు బంతి దేనికీ తగలకుండా వస్తువుల్లోంచి జారి కిందికి పోయేదని, వేరే కంపెనీ ఎప్పుడో రాసిన ఆ కోడులో తప్పెక్కడుందో దొరక్క గేమ్‌నే తీసేశామని మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్ 2012లో రాశారు. తర్వాతి కాలంలో ఒక ఔత్సాహికుడు పాత ఎక్స్‌పీ ఫైలును విప్పి చూసి, కోడు తిరిగి రాబట్టి, దాన్ని ఇప్పటి యంత్రాలలో నడిపించాడు. మైక్రోసాఫ్ట్ వదిలేసుకున్న పని అది!

పాత గేములకు ప్రాణం పోసిన చరిత్రంతా ఇలాంటివాళ్లదే. 1997లో మొదలైన ‘మేమ్’ నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాలను కంప్యూటర్లోకి తెచ్చింది. 2001లో మొదలైన ‘స్కమ్‌వీఎం’ సాహస గేములను నడిపే ఇంజిన్‌ను కొత్తగా రాసింది. 2002లో తొలిసారి విడుదలైన ‘డాస్‌బాక్స్’ మనకు బాగా పనికొచ్చేది. ఒక పాత కంప్యూటర్ మొత్తాన్ని, సౌండ్ కార్డుతో సహా, సాఫ్ట్‌వేర్‌లో కట్టి గేమ్‌ను నమ్మిస్తుంది. డేవ్ మరీ పరుగెడుతుంటే కంట్రోల్ పట్టుకుని ఎఫ్11 నొక్కితే నెమ్మదిస్తాడు, ఎఫ్12 నొక్కితే వేగం పెరుగుతుంది. టర్బో మీట చేసిన పనే. పాత వెబ్ పేజీలను, సాఫ్ట్‌వేర్‌ను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 2015 జనవరిలో సుమారు 2,400 డాస్ గేములను బ్రౌజర్‌లోనే ఆడుకునేలా పెట్టినప్పుడు వాడింది కూడా డాస్‌బాక్స్ ఆధారంగా చేసినదే.

ఇంకో దారి, నా దృష్టిలో అన్నిటికన్నా గట్టిది, సోర్స్ కోడు, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, బయటపెట్టడం. డేవ్‌ను రాసిన రొమేరో కూడా భాగస్వామి అయిన ఐడీ సాఫ్ట్‌వేర్, 1993 డిసెంబరులో వచ్చిన తుపాకీ గేమ్ ‘డూమ్’ కోడును 1997 డిసెంబరులో అందరికీ ఇచ్చేసింది. అందులో శబ్దం భాగం లేదు, ఎందుకంటే ఆ కోడు వేరొకరిది. జనం అదీ రాసుకున్నారు. డూమ్ నడవని పరికరం కనిపిస్తే ఈ రోజు అదే వార్త.

‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’కు అంత సులువుగా కుదరలేదు. జోర్డన్ మెక్నర్ 1989లో యాపిల్-2 కోసం రాసిన కోడు ఆయన దగ్గరే లేకుండా పోయింది. 2012లో వాళ్ల నాన్న ఇంట్లో పాత ఫ్లాపీల పెట్టె బయటపడింది. ఫ్లాపీ మీద అయస్కాంతపు పూత ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడుతుంది, బలవంతంగా చదివించబోతే ఉన్నదీ పోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చెందిన జేసన్ స్కాట్, పాత యాపిల్ యంత్రాలు తెలిసిన మరికొందరు కూర్చుని ఆ డిస్కులను దించుకున్నారు. కోడు ఆ ఏడాది ఏప్రిల్‌లో నెట్‌లోకి వచ్చింది. మన దగ్గర అందరూ ఆడింది డాస్ ప్రిన్స్. దాన్ని ఔత్సాహికులు విడిగా విప్పి, ‘ఎస్‌డీఎల్‌పాప్’ పేరుతో ఇప్పటి విండోస్, లినక్స్‌లకు తెచ్చారు.

ఎవరూ ఊహించని మలుపు సీడీ తాళాలతో వచ్చింది. కాపీలు ఆపడానికి ‘సేఫ్‌డిస్క్’ అనే రక్షణను చాలా గేముల్లో పెట్టారు. దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం, అంటే డ్రైవరు, భద్రతకు ముప్పని 2015లో విండోస్ 10 దాన్ని తీసుకోనే లేదు. దాంతో న్యాయంగా డబ్బు పెట్టి కొన్న డిస్కు మొరాయించింది. కోఠిలో ముప్పై నలభై రూపాయలకు దొరికిన, తాళం పగలగొట్టిన కాపీ మాత్రం నడిచింది. కాపీని సమర్థించడానికి కాదు, జరిగింది ఇదని చెబుతున్నాను.

చట్టం దగ్గరికి వస్తే మన పరిస్థితి ఇంకా ఇరుకు. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచన కిందికి వస్తుంది, రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. రొమేరో నిక్షేపంగా ఉన్నారు కాబట్టి డేవ్ మన మనవల కాలంలో కూడా స్వేచ్ఛ పొందదు. ప్రోగ్రాంను న్యాయంగా పొందినవాళ్లు, అది పోకుండా కాపీ ఉంచుకోవచ్చని సెక్షన్ 52 చెబుతుంది. కాపీ సీడీ వారసత్వం ఉన్న మన జిల్లాల్లో ఆ మాట ఎంతమందికి వర్తిస్తుంది? 2012 సవరణ గ్రంథాలయాలకు ఒక వెసులుబాటు ఇచ్చింది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం రచనను డిజిటల్‌గా భద్రపరచవచ్చు, కానీ దాని దగ్గర అప్పటికే డిజిటల్ కాని ప్రతి ఉండాలి. పుస్తకానికి సరిపోయే షరతు. పుట్టుకే డిజిటల్ అయిన గేమ్‌కు అలాంటి ప్రతి ఎక్కడి నుంచి తెస్తారు?

అమెరికాలోనూ ఇది తేలలేదు. అక్కడ 2010కి ముందు వచ్చిన గేముల్లో 87 శాతం అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క చెప్పింది. ఆ సమాచారం ముందున్నా, గ్రంథాలయాలు భద్రపరిచిన గేములను పరిశోధకులకు దూరం నుంచి చూపడానికి కాపీరైట్ కార్యాలయం 2024 అక్టోబరులో ఒప్పుకోలేదు. 2008లో పోలండ్‌లో మొదలైన ‘గాగ్’ లాంటి దుకాణాలు కొన్ని పాత గేములను సరిచేసి అమ్ముతున్నాయి. అవి గిరాకీ ఉన్నవే చూసుకుంటాయి.

డేవ్ తర్వాతి తరానికి ఈ ఉపాయాలేవీ పనికిరావు. పాలమూరు పిల్లలు ఫోన్లలో ఆడిన ‘పబ్‌జీ మొబైల్’పై 2020 సెప్టెంబరులో నిషేధం పడింది, అక్టోబరు చివర సర్వర్లు ఆగాయి, ఆటా ఆగింది. ఫోన్లో గేమ్ ఫైళ్లు చెక్కుచెదరకుండా ఉన్నా ఉపయోగం లేదు, అసలు ఆట నడిచేది కంపెనీ సర్వర్లలో కాబట్టి. గేమ్ కంపెనీ యుబీసాఫ్ట్ 2024 మార్చి 31న కార్ల రేసు గేమ్ ‘ద క్రూ’ సర్వర్లు ఆపేసినప్పుడు డబ్బు కట్టి కొన్నవాళ్ల చేతిలోనూ ఏమీ మిగల్లేదు. దానిపై మొదలైన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం, గేమ్ మూసేసేటప్పుడు దాన్ని ఆడగలిగే స్థితిలో వదలాలని అడుగుతోంది. ఐరోపాలో దాని అర్జీ 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటింది. అందులో సంతకం చేసే హక్కు ఐరోపా యూనియన్ పౌరులకు మాత్రమే ఉండేది.