ఖాళీ జైలులో కనిపించనివి

చిరంజీవులు శ్రావ్యకు, నిఖిల్‌కు తాతయ్య ఆశీస్సులు.

సంగారెడ్డి పాత జైలు చూసివచ్చి మీరు రాసిన ఉత్తరం అందింది. 1796లో కట్టిన ఆ జైలును మ్యూజియంగా మార్చాక, 500 రూపాయలు కట్టి ఒక రోజు ఖైదీలా గడిపే ఏర్పాటు కూడా చేశారు. కాసేపు గదిలో కూర్చుంటేనే భయం వేసిందని నిఖిల్ రాశాడు. నిజమే, గోడలు భయపెడతాయి. కానీ డబ్బు కట్టి లోపలికి వెళ్లినవాడికి ఎప్పుడు బయటికి వస్తాడో ముందే తెలుసు. నడుస్తున్న జైలులో చాలామందికి తెలియనిది అదొక్కటే.

పేదల కేసులు చూసే న్యాయవాదిగా నేను జైళ్లకు వెళ్లేవాణ్ణి కదా, అక్కడ మొదట కంటపడే తేడా బట్టల్లో ఉంటుంది. తెల్ల బట్టల్లో ఉన్నవారు శిక్ష పడినవారు. సొంత చొక్కాలతో తిరిగేవారు రిమాండు ఖైదీలు, అంటే నేరం చేశారో లేదో కోర్టు ఇంకా తేల్చనివారు. ఈ రెండోవారే ఎక్కువ. 2022 చివర దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణలో ఉన్నవారే. నలుగురిలో ముగ్గురన్నమాట!

మీ పాఠంలో 'జైళ్లు సంస్కరణ కేంద్రాలు' అని ఉందట. అబద్ధం కాదు. చంచల్‌గూడ జైలు పక్కన పెట్రోలు బంకులో ఖైదీలు పని చేస్తారు. చర్లపల్లిలోనూ, అనంతపురం దగ్గరా పెద్ద గోడలు లేని వ్యవసాయ జైళ్లున్నాయి. పనికి కూలీ, మంచి నడవడికకు శిక్షలో తగ్గింపు, ఇంటికి వెళ్లి రావడానికి పెరోలు... ఇవన్నీ ఉన్నాయి. అయితే ఇవి ప్రధానంగా శిక్ష పడినవారి కోసం ఏర్పడినవి. రిమాండు ఖైదీకి దక్కేది వాయిదా, ఆ తర్వాత ఇంకో వాయిదా. నేరం రుజువైనవాడు వడ్రంగం నేర్చుకుంటుంటే, రుజువు కానివాడు గోడకు చేరగిలబడి ఉండటం నాకు ఎన్నడూ మింగుడు పడలేదు.

మరి బెయిలు లేదా అని శ్రావ్య అడుగుతుంది. ఉంది. కానీ జామీను, అంటే పూచీ, ఇచ్చేవారు కావాలి, వారికి ఆస్తి కాగితాలు కావాలి. 1978లో మోతీరాం అనే మేస్త్రికి సుప్రీంకోర్టే బెయిలు ఇచ్చింది. మేజిస్ట్రేటు మాత్రం 10,000 రూపాయల జామీను అడిగి, అతని సోదరుడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. అతను మళ్లీ సుప్రీంకోర్టుకు వెళితే జస్టిస్ కృష్ణయ్యర్ ఆ మొత్తాన్ని 1,000కి తగ్గించి, పొరుగు జిల్లావాడు పనికిరాడా అని గట్టిగానే మందలించారు. ఇప్పటికీ వలస కూలీలకు ఇదే చిక్కు.

2024 జులై నుంచి అమలవుతున్న కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షను కొంత మేలు చేసింది. మునుపెన్నడూ శిక్ష పడనివారు, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే విడుదల చేయాలి. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు. గడువు రాగానే కోర్టుకు దరఖాస్తు పెట్టవలసింది జైలు సూపరింటెండెంటే. అంటే ఎవరో ఒకరు కూర్చుని ప్రతి ఖైదీకీ రోజులు లెక్కపెట్టాలి. కిక్కిరిసిన జైలులో ఆ లెక్క తప్పితే నష్టపోయేది లెక్కపెట్టేవారు కాదు.

తల్లితో పాటు లోపల ఉండే చిన్నపిల్లల గురించి కూడా అడిగారు. ఆరేళ్ల వరకు ఉండనిస్తారు. వారికి పాలు, క్రెష్, చదువు ఎలా ఉండాలో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే.

ఇక నిజమైన జైలు చూపించమన్నారు. అది అనుమతులతో కూడిన పని, పైగా అక్కడి మనుషులు చూడ్డానికి పెట్టిన వస్తువులు కారు. కోర్టు హాలుకు మాత్రం ఎవరైనా వెళ్లవచ్చు. వేసవి సెలవుల్లో రండి, ఒక పూట వెనక బెంచీలో కూర్చుని వాయిదాలు ఎలా పడతాయో చూద్దాం. నిఖిల్ ఫోను ఇంట్లోనే పెట్టి రావాలి.

మీ తాతయ్య