ఇంగ్లండులో భిక్షువుల బతుకు: 1908లో నిలవనిది 1979లో ఎలా నిలిచింది?

పాశ్చాత్య దేశాల బౌద్ధ భిక్షువుల మీద డాక్యుమెంటరీ అనగానే కెమెరా ధ్యానమందిరంలోకే పోతుంది. అసలు చిక్కంతా వంటింట్లో ఉంది.

1908 ఏప్రిల్‌లో ఆనంద మెత్తేయ్య బర్మా నుంచి లండన్‌లో దిగారు. అసలు పేరు అలన్ బెన్నెట్, ఆంగ్లేయుడే. వినయం, అంటే బౌద్ధ భిక్షువుల నియమావళి ప్రకారం డబ్బు ముట్టకూడదు, మధ్యాహ్నం దాటాక తినకూడదు, స్త్రీలు పడుకునే ఇంట్లో రాత్రి నిద్ర చేయకూడదు. అంటే బండి టిక్కెట్టు కొనాలన్నా పక్కన మనిషి ఉండాలి. దానికితోడు ఉబ్బసం. ఆర్నెల్లకే వెనుదిరిగారు.

1977లో థాయ్ గురువు అజాన్ చా తన అమెరికన్ శిష్యుడు సుమేధోను లండన్‌లో ఉంచి వెళ్లారు. ఆహ్వానించింది ఇంగ్లిష్ సంఘ ట్రస్టు. భిక్షువులు లండన్‌లోని హాంప్‌స్టెడ్ హీత్ అనే పెద్ద పచ్చిక బయలు వైపు రోజూ భిక్షకు వెళ్లేవారు. భిక్ష వేసే అలవాటే లేని ఊరది. అయినా అక్కడ పరుగుకు వచ్చిన ఒకాయన వీళ్లను చూసి, 1978లో ససెక్స్‌లోని తన అడవినే రాసిచ్చాడు. మరుసటి ఏడు దాని పక్కనే చిథర్స్ట్ అనే పల్లెలో కప్పు కారే పాత బంగళా కొన్నారు. బీబీసీ ఈ మకాం మీదే ఒక డాక్యుమెంటరీ తీసింది.

ఫ్రిజ్ నిండా తిండి ఉన్నా, ఒకరు చేతికి అందించనిదే భిక్షువు తినకూడదు. అందుకున్న అన్నం మర్నాటికి దాచకూడదు. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం మాత్రం మందుగా ఏడు రోజులు ఉంచుకోవచ్చు. నేల తవ్వకూడదు, చెట్టు కొట్టకూడదు. ఈ పనులకే తెల్లబట్టల అనాగారికులు ఉంటారు. భిక్షువు కాదలచినవారు మొదట ఏడాదిపాటు ఈ దశలో ఉండి వంట, కారు, కొనుగోళ్లు చూసుకుంటారు. గడియారం కూడా చిక్కే: వేసవిలో బ్రిటన్ గంట ముందుకు జరుపుతుంది. వీళ్లు లెక్కించేది సూర్యుణ్ని కాబట్టి, అప్పుడు భోజనం గడువు సుమారు ఒంటిగంట.

ఉపసంపద, అంటే పూర్తి భిక్షువుగా దీక్ష ఇవ్వడం కూడా అక్కడే జరగకపోతే కొత్తవాళ్లు ప్రతిసారీ థాయిలాండు వెళ్లాలి. దానికి మధ్యదేశంలో (బుద్ధుడు తిరిగిన గంగా మైదానంలో) పదిమంది భిక్షువులు కావాలి గానీ, దాని బయటి ప్రత్యంత దేశాల్లో వినయం తెలిసినవారితో కలిపి ఐదుగురు చాలు. 1981లో సుమేధోకు ఉపాధ్యాయ అధికారం, అంటే దీక్ష ఇచ్చే అధికారం రావడంతో ఆ లోటు తీరింది. 1984లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని పాత బడిలో పెద్ద విహారం పెట్టి అమరావతి అని పేరు పెట్టారు. మన కృష్ణా తీరపు అమరావతి శిల్పాలు అప్పటికే వందేళ్లుగా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయనుకోండి.

సర్దుబాటు కానిది స్త్రీల దీక్ష. 1983లో చిథర్స్ట్‌లో నలుగురు స్త్రీలకు పది శీలాల దీక్ష ఇచ్చారు, పూర్తి భిక్షుణీ హోదా మాత్రం ఇవ్వలేదు. థాయ్ సంఘం భిక్షుణీ హోదాను గుర్తించదు. 2009లో ఆస్ట్రేలియాలోని పెర్త్ దగ్గర, అజాన్ చా మరో శిష్యుడు అజాన్ బ్రహ్మ్ విహారంలో నలుగురికి భిక్షుణీ ఉపసంపద జరిగింది. దాంతో థాయిలాండులో అజాన్ చా స్థాపించిన మూల విహారం వాట్ పా పాంగ్, అజాన్ బ్రహ్మ్ విహారంతో సంబంధం తెంచుకుంది.