పరుపుకీ ఓ పాకం ఉంటుంది

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో ఒక పరుపుల షాపు. బయట మే నెల ఎండ మాడ్చేస్తోంది, లోపల ఏసీ చలి. అమ్మ చెప్పులు విడిచి మెమరీ ఫోమ్ పరుపు అంచున కూర్చుంది. సేల్స్ కుర్రాడు అరచేత్తో పరుపుని గట్టిగా అదిమి చెయ్యి తీశాడు. ఐదు వేళ్ల అచ్చూ అలాగే నిలబడి, నాలుగైదు సెకన్లకి నెమ్మదిగా పూడింది.

"నాసా టెక్నాలజీ ఆంటీ, రాకెట్లలో వాడేది."

"రాకెట్‌లో మనకి పడకెందుకు బాబూ" అంది అమ్మ.

కుర్రాడు చెప్పింది సగం నిజం. 1966లో నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు ఈ ఫోమ్‌ని తయారుచేశాడు. అయితే అది విమానం సీట్ల కోసం. కుదుపు వస్తే మింగెయ్యాలి, గంటల తరబడి కూర్చున్నా ఒళ్లు నొప్పి పుట్టకూడదు. పరుపుగా మారి ఇళ్లలోకి రావడం 1990లలో మొదలైంది.

ఇది కూడా పాలీయురేథేనే, మామూలు సోఫా స్పంజికి దగ్గర చుట్టం. పాలియాల్, ఐసోసయనేట్ అనే రెండు ద్రవాలు కలిసి గట్టిపడేటప్పుడు అందులో వేసిన నీళ్ల వల్ల కార్బన్ డయాక్సైడ్ పుట్టి, ఇడ్లీ పిండి పొంగినట్టు మొత్తం పొంగుతుంది. ఆ గాలి గదులే ఫోమ్. మామూలు స్పంజిని నొక్కి వదిలితే ఠక్కున లేస్తుంది. మెమరీ ఫోమ్‌లోని అణువుల గొలుసులు మాత్రం ఒకదాన్నొకటి రాసుకుంటూ, బద్ధకంగా సర్దుకుంటాయి. అందుకే వేళ్ల అచ్చు పూడటానికి అంతసేపు పట్టింది.

అరిసెల పాకం పట్టినవాళ్లకి మిగతాది చెప్పక్కర్లేదు. వేడి మీద జారే బెల్లం పాకం చల్లారేకొద్దీ బిగుసుకుంటుంది. ఈ ఫోమ్ గుణమూ అంతే. ఇలా అణువుల గొలుసులతో తయారైన పదార్థాలని పాలిమర్లంటారు. వాటన్నిటికీ బిరుసు నుంచి మెత్తదనానికి మారే ఒక ఉష్ణోగ్రత ప్రాంతం ఉంటుంది. మామూలు స్పంజికి అది సున్నాకి చాలా కింద ఉంటుంది కాబట్టి మనకి తేడా తెలియదు. మెమరీ ఫోమ్‌కి మాత్రం దాన్ని కావాలనే మన గది ఉష్ణోగ్రత దరిదాపుల్లో పెడతారు. ఒంటి వేడి తగిలినచోట మెత్తబడి మన ఆకారానికి ఒదగడం దానివల్లే.

మన ఊళ్లో చిక్కు కూడా అక్కడే. నాలుగేళ్ల క్రితం నేనొకటి కొన్నాను. షాపు పేరెందుకులెండి. 22 డిగ్రీల ఏసీలో రెండు నిమిషాలు వాలి, సరిగ్గా కావలసినంత గట్టిగా ఉందనుకున్నాను. పెదవాల్తేరులో మా ఇంటికొచ్చాక, కరెంటు పోయిన ఒక మే నెల రాత్రి, నడుము ఊబిలోకి దిగినట్టు దిగిపోయింది. అదే పరుపుని జనవరిలో అరకు తీసుకెళ్తే చెక్కలా ఉంటుంది. కాబట్టి షాపులో చేత్తో నొక్కి చూసి లాభం లేదు. మీరు రోజూ పడుకునే తీరులోనే కనీసం పది నిమిషాలు పడుకుని, ఒంటి వేడి లోపలికి దిగనివ్వండి. కాసేపు ఏసీ ఆపమంటే కుర్రాడు వింతగా చూస్తాడు. చూడనివ్వండి.

ఒత్తిగిలి పడుకునేవారి బరువంతా భుజం మీద, తుంటి మీద పడుతుంది. ఆ రెండూ కాస్త దిగితేనే వెన్ను తిన్నగా ఉంటుంది కనక వారికి మెత్తటిది మేలు. వెల్లకిలా పడుకునేవారికి మధ్యస్థం చాలు. బోర్లా పడుకునే అలవాటుంటే గట్టిది తీసుకోవాలి, లేకపోతే పొట్ట దిగి నడుము విల్లులా వంగుతుంది. మనిషి బరువుని బట్టి కూడా ఈ లెక్క మారుతుంది. స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్ట్ చేసి రాత్రి పదిన్నర దాటాక వచ్చే మా బావగారు పక్కన వాలినా అక్కకి మెలకువ రాదు. కుదుపుని మింగే గుణం అక్కడ పనికొచ్చింది. అదే గుణం పెద్దవాళ్లకి ఇబ్బంది. గుంటలోంచి పక్కకి తిరగాలన్నా, లేవాలన్నా కష్టపడాలి.

ఇక ఉక్క. నిద్ర పట్టాలంటే ఒంట్లో వేడి చర్మం ద్వారా బయటికి పోవాలి. సముద్రపు గాలి తేమకి చెమట ఎలాగూ ఆరదు, పైగా ఈ ఫోమ్ ఒంటిని చుట్టూ పట్టుకుంటుంది. జెల్ కలిపిన పరుపు చల్లగా తగిలేది మొదట కాసేపే. తర్వాత అదీ ఒంటి వేడికి వచ్చేస్తుంది. ఏసీ లేని గదికి మామూలు పరుపు పైన రెండంగుళాల మెమరీ ఫోమ్ పొర చాలని నా అభిప్రాయం.

ఆ పొర సాంద్రత ఎంతో అడగండి. సాంద్రత వేరు, గట్టిదనం వేరు. సాంద్రత ఎక్కువుంటే మన్నిక ఎక్కువ. ఘనపు మీటరుకి 50 కిలోలుంటే మంచిదే. 78 అంగుళాల పొడవు, 60 అంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న పొర ఆ లెక్కన 7.7 కిలోలు తూగుతుంది. 30 కిలోల సాంద్రతదైతే 4.6 కిలోలే. ఇలాంటి పొరని విడిగా టాపర్ అని అమ్ముతారు, దాన్ని కాటా మీద పెడితే తెలిసిపోతుంది.

అమ్మ చివరికి టాపరే తీసుకుంది, పాత కొబ్బరి పీచు పరుపు మీద వేసుకోవడానికి. కింద గాలాడక బూజు పట్టకుండా బాక్స్ మంచం ప్లైవుడ్‌కి కార్పెంటర్ చేత బెజ్జాలు వేయించాను. మర్నాడు పొద్దున్న చూస్తే టాపర్ డాబా మీద ఎండలో పరిచి ఉంది.

"కొత్త వాసన పోవద్దూ?" అంది.

వాసన పోవడానికి గాలి తగిలితే చాలు, రెండు మూడు రోజులు. బూరుగు దూది ఎండకి పొంగుతుంది గానీ, ఈ ఫోమ్ అతినీలలోహిత కిరణాలకి పసుపెక్కి, పొడిపొడిగా రాలుతుంది. ఇద్దరం చెరో కొసా పట్టుకుని మెట్ల గది నీడలోకి లాగాం.