రైలు గోధుమ, ఓడ గోధుమ

విశాఖ మిల్లుకు మధ్యప్రదేశ్ గోధుమైనా ఆస్ట్రేలియా గోధుమైనా పొరుగూరి సరుకే. చుట్టుపక్కల అంతా వరి. ఉప్మాకు వాడే రవ్వను కూడా మనం ‘బొంబాయి రవ్వ’ అనే పిలుస్తాం. అందుకే ఇక్కడ స్వదేశీ, విదేశీ గొడవంతా చివరికి రైలు కిరాయికీ ఓడ కిరాయికీ మధ్య తేలుతుంది. తక్కెడ మాత్రం ఢిల్లీ చేతిలో ఉంది. దాని పేరు దిగుమతి సుంకం.

1956లో పి.ఎల్.480 అనే ఆహార సాయం ఒప్పందం కుదిరాక అమెరికా గోధుమలు వచ్చిపడ్డాయి. వరుస కరువులతో 1966లో దేశం సుమారు కోటి టన్నుల తిండిగింజలు తెప్పించుకుంది. అదే ఏడాది మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి రకం గోధుమ విత్తనాలూ వచ్చాయి. దిగుమతుల అవసరం తప్పించింది కూడా ఒక దిగుమతే! పంజాబ్, హర్యానాల్లో పంట విరగపండి భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాములు నిండాక రైలు గోధుమదే పైచేయి అయింది.

అయితే ఆ రైలు వెయ్యి కిలోమీటర్లకు పైగా నడవాలి. రేవు పక్కన మిల్లు పెట్టుకున్నవాడికి ఓడ మీదికి మనసు పోదా?

పైగా ధర ఒక్కటే చూస్తే సరిపోదు. సరుకు తెలిసినవారు గుప్పెడు గింజలు నోట్లో వేసుకుని నములుతారు. పిండి కరిగిపోయి చివరికి బంక మిగులుతుంది. అది బాగా సాగితే బ్రెడ్డుకు పనికొస్తుంది, పుటుక్కున తెగితే బిస్కెట్లకు. ఆస్ట్రేలియా గట్టి గోధుమలో ఆ సాగుడు ఎక్కువ, సరుకంతా ఒకే తీరుగా ఉంటుంది. మన గోధుమ నాసిరకమంటే నేను ఒప్పుకోను. మండీలో పది పొలాల గింజ ఒకే కుప్పలో కలిసిపోవడమే దాని కర్మ.

2006లో నిల్వలు తగ్గి ప్రభుత్వమే విదేశీ గోధుమలు కొంది. 2016 డిసెంబరులో సుంకం పూర్తిగా ఎత్తేశారు. ఆ ముచ్చట నాలుగు నెలలైనా నిలవలేదు: 2017 మార్చిలో 10 శాతం, నవంబరులో 20, 2018 మేలో 30, 2019 ఏప్రిల్‌లో 40. రైతుకు మద్దతు ధర దక్కాలన్నది సర్కారు వాదన. అది కాదనలేనిదే.

2022 మార్చి ఎండలకు గింజ తాలుబోయింది, ఉక్రెయిన్ యుద్ధంతో ప్రపంచ ధర ఎగసింది. ఎఫ్‌సీఐ సేకరణ ముందటి ఏడాది 433 లక్షల టన్నులైతే, ఆ ఏడాది 188 లక్షలకు పడిపోయింది. మే 13న ఎగుమతులు ఆపేశారు. సుంకం తగ్గించమని మిల్లర్లు అడిగితే ప్రభుత్వం దాన్ని కదపకుండా, ఎఫ్‌సీఐ నిల్వలను ఈ-వేలంలో పెట్టింది. ఓడ కోసం రేవు వైపు చూసిన మిల్లర్లు మళ్లీ గోదాము గోధుమకే పాట పాడారు.