‘అలెగ్జాండర్ నెవ్‌స్కీ’: తెర మీద ఒక సంగీతం, వేదిక మీద మరొకటి

తెర మీద సినిమా నడుస్తుండగా కింద ఆర్కెస్ట్రా వాయించే ప్రదర్శనలకు ‘అలెగ్జాండర్ నెవ్‌స్కీ’ ఇష్టమైన సోవియట్ చిత్రం. అయితే ఆ సినిమా స్వరకర్త ప్రొకోఫియెవ్ కచేరీ కోసం కూర్చిన కాంటాటా (గాయకులు, ఆర్కెస్ట్రా కలిసి వినిపించే రచన, ఓపస్ 78) స్వరలిపి ముందు పెట్టుకుని వాయిస్తే బొమ్మకు సంగీతం అతకదు. చిక్కు 1938లోనే మొదలైంది.

1242లో గడ్డకట్టిన పైపస్ సరస్సు మీద ట్యుటోనిక్ (జర్మన్ క్రైస్తవ) యోధులను రష్యన్ రాకుమారుడు నెవ్‌స్కీ ఓడించిన కథను దర్శకుడు ఐసెన్‌స్టీన్ సినిమాగా తీశాడు. కొన్ని దృశ్యాలను ముందే రికార్డు చేసిన సంగీతానికి తగ్గట్టు చిత్రీకరించారు, కొన్నిటికి బొమ్మ చూశాక స్వరాలు రాశారు. ప్రొకోఫియెవ్ అసలు పనితనమంతా మైకు దగ్గర కనిపిస్తుంది. శత్రువుల బాకాలు చెవికి కర్ణకఠోరంగా ఉండాలని వాటిని మైకుకు ఎదురుగా, బాగా దగ్గరగా ఊదించి, శబ్దం చిట్లేలా రికార్డు చేయించాడు. మెత్తగా పలికే చెక్క వాద్యం బసూన్‌ను మైకు పక్కన, గట్టిగా మోగే ఇత్తడి వాద్యం ట్రాంబోన్‌ను దూరంగా ఉంచితే బలహీన వాద్యమే పైచేయి అవుతుందని కూడా గ్రహించాడు.

హాల్లో ఇది కుదరదు. మైకు లేకపోతే ట్రాంబోన్ బసూన్‌ను మింగేస్తుంది. అందుకే సినిమా కోసం రాసిన సంగీత ఖండాలను ఏరి, కుదించి, ఏడు భాగాలుగా పేర్చి, మొత్తం ఆర్కెస్ట్రేషన్ (ఏ స్వరం ఏ వాద్యం వాయించాలో చెప్పే అమరిక) మళ్లీ రాశాడు. నిడివి సుమారు 40 నిమిషాలు. పాటల సాహిత్యం కవి లుగొవ్‌స్కోయ్, ప్రొకోఫియెవ్‌లది. అయిదో భాగం ‘మంచు మీద యుద్ధం’ ఒక్కటే పన్నెండు నిమిషాలకు అటూ ఇటూ సాగుతుంది. ఇత్తడి వాద్యాలను అదుపులో పెట్టకపోతే యోధుల లాటిన్ బృందగానం అందులో వినపడదు. ఆరో భాగం ‘మృతుల పొలం’లో మెజో-సొప్రానో (మధ్యస్థాయి గొంతు గల గాయని) ఒంటరిగా పాడుతుంది. అప్పటిదాకా ఆమె సుమారు అరగంట మౌనంగా కూర్చోవాలి. గొంతు చల్లబడ్డాక మంద్రస్థాయిలో నిదానంగా ఎత్తుకోవడం నిజంగా కష్టం.

1939 మే 17న మాస్కోలో స్వరకర్తే ఆర్కెస్ట్రాను నడిపించగా కాంటాటా మొదటిసారి వినిపించారు. ఆగస్టు 23న సోవియట్ యూనియన్‌కు జర్మనీతో ఒప్పందం కుదరగానే సినిమాను థియేటర్ల నుంచి తీసేశారు. 1941 జూన్‌లో హిట్లర్ సేనలు దాడి చేశాక మళ్లీ థియేటర్లకు వచ్చింది. సౌండ్‌ట్రాక్ మాత్రం మొదటినుంచీ నాసిరకంగానే మిగిలింది.

దాన్ని సరిచేసేందుకు 1987లో అమెరికన్ ఆర్కెస్ట్రేటర్ విలియం బ్రోన్, కాంటాటా ఆర్కెస్ట్రేషన్‌ను ఆధారం చేసుకుని, సినిమా నిడివికి సరిపడా సంగీతాన్ని పునర్నిర్మించాడు. కాబట్టి కరపత్రంలో కాంటాటా అని మాత్రమే ఉంటే వచ్చేవి ఏడు భాగాలే. సినిమాతో పాటు అని ఉంటే ఎవరి స్వరలిపి వాయిస్తున్నారో నిర్వాహకులు రాయాల్సిందే.