ఆ ఒక్క సెట్టే ఎందుకు అడిగారు?

నిజాం స్టాంపుల్లో 1931 నాటి బొమ్మల సెట్టుకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. అణా స్టాంపు మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ద్వారం, పన్నెండణాల మీద బీదర్ మదరసా, రూపాయి స్టాంపు మీద దౌలతాబాద్ బొమ్మ. నా దగ్గర డూప్లికేట్‌గా ఉన్న సెట్టు ఒకటి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాను. మర్నాడు పొద్దున్నే ఒక మెసేజ్ వచ్చింది.

"సర్ నమస్తే. మాది అనాథ పిల్లల ఆశ్రమం. ఒక బాబు ఆపరేషన్ కోసం ఆదివారం వేలంపాట పెడుతున్నాం. మీ నిజాం సెట్టు విరాళంగా ఇస్తే ఆ బాబు జీవితాంతం మీ పేరు చెప్పుకుంటాడు. పూర్తి ధరకి 80జీ రసీదు ఇస్తాం, పన్ను మినహాయింపు వస్తుంది. కొరియర్ ఖర్చు మాదే. దయచేసి రేపటిలోగా పంపండి." కింద రెండు ఫొటోలు ఉన్నాయి. ఒకటి ఆసుపత్రి మంచం మీద పడుకున్న పిల్లాడిది. రెండోది రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ది. నంబరు ఉండాల్సిన చోట కాగితం మడత పడి ఉంది.

చదవగానే ఇచ్చేద్దామనే అనిపించింది. సెట్టు డూప్లికేటే కదా, పిల్లాడి ప్రాణం కంటే ఎక్కువా అనుకున్నాను. పాత నాణేలు, స్టాంపులు, సంతకాల బ్యాట్లు, బొమ్మ కార్లు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళలో చాలామందికి ఇలాంటి మెసేజ్‌లు వస్తున్నాయి. వాటిలో నిజమైనవీ ఉంటాయి. అందుకే ఈ అడిగే పద్ధతి ఎక్కడ పుట్టిందో, ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకోవాలని కూర్చున్నాను.

సేకరించేవాళ్ళను ధర్మం కోసం అడగడం చాలా పాత సంగతి, అదీ మంచి ఉద్దేశంతో మొదలైందే. బ్రిటన్‌లో అంధుల కోసం పనిచేసే ఆర్‌ఎన్‌ఐబీ, పేదరికం మీద పనిచేసే ఆక్స్‌ఫామ్ లాంటి సంస్థలు కవర్ల మీద అంటించి వాడేసిన స్టాంపులను జనం దగ్గర తీసుకుంటూ వచ్చాయి. కవరు మీద స్టాంపు చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తిరించి పంపమంటారు. అలా వచ్చినవన్నీ కలిపి తూకానికి డీలర్లకు అమ్ముతారు, ఆ డబ్బు సంస్థకి వెళుతుంది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. వాళ్ళు ఫలానా స్టాంపు కావాలని అడగరు, ఏదైనా సరే అంటారు. ఎవరినీ చాటుగా అడగరు, ఊరందరికీ తెలిసేలా ప్రకటన ఇస్తారు. స్టాంపు డబ్బుగా ఎలా మారుతుందో ముందే చెబుతారు.

ఆ తర్వాత 1989లో ఒక విజ్ఞప్తి ప్రపంచమంతా తిరిగింది. లండన్ శివారు కార్షాల్టన్‌లో క్రెయిగ్ షెర్‌గోల్డ్ అనే తొమ్మిదేళ్ళ పిల్లాడికి మెదడులో కణితి వచ్చింది. త్వరగా కోలుకోవాలని కోరే గ్రీటింగ్ కార్డులు అందరికంటే ఎక్కువ అందుకుని గిన్నిస్ రికార్డు కొట్టాలని అతని కోరిక. అది నిజమైన పిల్లాడి నిజమైన కోరిక. 1990కే కోటీ అరవై లక్షల పైన కార్డులు వచ్చి రికార్డు అయిపోయింది, 1991కి అవి మూడు కోట్ల ముప్పై లక్షలు దాటాయి. అమెరికా కోటీశ్వరుడు జాన్ క్లూగీకి ఈ సంగతి తెలిసి ఆపరేషన్ ఖర్చు పెట్టుకున్నారు. 1991లో వర్జీనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో కణితి చాలావరకు తీసేశారు. పిల్లాడు బతికాడు, పెద్దవాడయ్యాడు. 2020లో నలభై ఏళ్ళ వయసులో చనిపోయాడు.

కానీ ఆ ఉత్తరం ఆగలేదు. చేతులు మారుతూ, ఫ్యాక్సుల్లో, తర్వాత ఈమెయిళ్ళలో తిరుగుతూనే ఉంది. పిల్లాడి ఇంటిపేరు మారిపోయింది. గ్రీటింగ్ కార్డులు పోయి విజిటింగ్ కార్డులు వచ్చాయి. జబ్బు పిల్లల కోరికలు తీర్చే మేక్-ఎ-విష్ ఫౌండేషన్‌కి ఈ వ్యవహారంతో ఏ సంబంధమూ లేదు, అయినా దాని పేరు వచ్చి చేరింది. కార్డులు పంపొద్దు మహాప్రభో అని పిల్లాడి కుటుంబం మొత్తుకుంది. మాకూ దీనికీ సంబంధం లేదని మేక్-ఎ-విష్ ఏళ్ళ తరబడి చెప్పుకోవాల్సి వచ్చింది. గిన్నిస్ వాళ్ళు ఆ రికార్డు విభాగాన్నే మూసేశారు.

ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. పిల్లాడి ఫొటో, జబ్బు, తొందర, ఒక సంస్థ పేరు. ఈ నాలుగూ కలిస్తే చాలు, ఎవరు రాశారో తెలియని ఉత్తరానికి కోట్లమంది పోస్టు ఖర్చులు పెట్టుకుని మరీ స్పందిస్తారని అప్పుడు రుజువైంది. మోసగాళ్ళకి కొత్తగా కనిపెట్టాల్సిన పని లేకపోయింది. నాకొచ్చిన మెసేజ్‌లోనూ ఆ నాలుగూ ఉన్నాయి.

1995 సెప్టెంబరులో అమెరికాలో ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైటు మొదలయ్యాక వస్తువులు సేకరించేవాళ్ళ లోకమే మారిపోయింది. అంతకుముందు ఎవరి ఆల్బమ్‌లో ఏముందో ఆ ఊరి క్లబ్బుకో, తెలిసిన డీలర్‌కో మాత్రమే తెలిసేది. ఇప్పుడు ఎవరి దగ్గర ఏముంది, దాని వెల ఎంత అనేది ఫొటోతో సహా లోకమంతా చూడొచ్చు. అమ్మేవాడికి అదే కావాలి, అడిగేవాడికీ అదే కావాలి.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఈబే 'ఆక్షన్ ఫర్ అమెరికా' అని పెట్టి, బాధితుల కోసం వంద రోజుల్లో పది కోట్ల డాలర్లు పోగు చేయాలనుకుంది. చివరికి వచ్చింది కోటి డాలర్ల దాకా. అనుకున్నదాంట్లో పదో వంతే అయినా, మనం అమ్మే వస్తువు డబ్బు ధర్మానికి వెళ్ళొచ్చనే ఆలోచన మామూలు అమ్మకందార్లకు అలవాటైంది. 2003లో 'గివింగ్ వర్క్స్' అనే పద్ధతి వచ్చింది. ముందుగా పరిశీలించి పెట్టిన సంస్థల జాబితా ఉంటుంది. అమ్మేవాళ్ళు అందులో ఒకదాన్ని ఎంచుకుని, ధరలో పది శాతం నుంచి నూరు శాతం దాకా దానికి రాసేయొచ్చు. ఎవరికి ఇవ్వాలో అమ్మేవాడే ఎంచుకుంటాడు. వస్తువు కొన్నవాడికి వెళుతుంది, సంస్థకి వెళ్ళేది డబ్బు. ఇంత నేరుగా ఇచ్చే దారి ఉండగా, "అదంతా ఎందుకు సర్, వస్తువే మాకు పంపేయండి" అని ఎవరైనా అంటే అక్కడే మనం ఆగాలి.

సర్టిఫికెట్ మీద నమ్మకం సంగతి కూడా అక్కడే తేలింది. క్రీడాకారుల సంతకాలున్న వస్తువుల నకిలీల మీద అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 1990లలో 'ఆపరేషన్ బుల్‌పెన్' నడిపింది. దొరికిన దొంగ సంతకాల్లో బేస్‌బాల్ బంతి మీద మదర్ థెరిసా సంతకం కూడా ఉంది! ఇవి అసలైనవే అని చెప్పే ధ్రువపత్రాలు కూడా ఆ ముఠాల చేతిలోనే తయారయ్యేవి. సంతకం ఫోర్జరీ చేసేవాడికి దానికి పక్కన కాగితం ఫోర్జరీ చేయడం ఎంతసేపు? వాట్సాప్‌లో వచ్చే ట్రస్టు సర్టిఫికెట్ ఫొటోకైనా ఇదే వర్తిస్తుంది.

మన దగ్గర ఈ కథ కాస్త వేరే దారిలో వచ్చింది. మనవాళ్ళకి ముందు పట్టుకున్నది పాత నాణేల పిచ్చి. ట్రాక్టర్ బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకి లక్షలు, 2012లో వచ్చిన వైష్ణోదేవి నాణేనికి పది లక్షలు అంటూ వీడియోలు వచ్చాయి. నమ్మి ఫోన్ చేసినవాళ్ళ దగ్గర ముందు కమీషన్ కట్టండి, టాక్స్ కట్టండి అని గుంజారు. వాడిన పేరు రిజర్వు బ్యాంకుది, లోగో కూడా దానిదే. 2021 ఆగస్టు 4న రిజర్వు బ్యాంకు ఒక ప్రకటన ఇచ్చింది: పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో మాకు సంబంధం లేదు, వాటి మీద మేం ఏ చార్జీలూ, కమీషన్లూ అడగం, మా పేరుతో వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదు అని. ఆశ చూపించి లాగే ఆ ఎర పాతబడేకొద్దీ జాలి చూపించి లాగే ఎర వచ్చింది. నా లెక్కలో రెండోదే ఎక్కువ ప్రమాదం. లక్షలొస్తాయంటే పక్కనున్నవాళ్ళు వద్దని చెబుతారు. పిల్లాడి ఆపరేషన్ అంటే ఇంట్లోవాళ్ళు కూడా ఇచ్చేయమంటారు.

ఇక 80జీ సంగతి. నాకొచ్చిన మెసేజ్ అబద్ధమని నాకు మొదట పట్టిచ్చింది ఇదే. విరాళానికి ఆదాయపు పన్నులో ఇచ్చే మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే వర్తిస్తుంది. బియ్యం బస్తా ఇచ్చినా, దుప్పట్లు ఇచ్చినా, స్టాంపులు ఇచ్చినా వర్తించదు. నగదైతే రెండు వేల రూపాయలు మించితే కూడా చెల్లదు. కాబట్టి "సెట్టు పంపండి, పూర్తి ధరకి 80జీ రసీదు ఇస్తాం" అన్న వాక్యం ఏ సక్రమమైన ట్రస్టు అకౌంటెంటూ రాయడు. పైగా మినహాయింపు కావాలంటే లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన రసీదు చాలదు. సంస్థ తనకొచ్చిన విరాళాల వివరాలు ఆదాయపు పన్ను శాఖకి పంపి, అక్కడి పోర్టల్ నుంచి తీసిన సర్టిఫికెట్ మనకి ఇవ్వాలి. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో సంస్థ పేరు వెతుక్కోవచ్చు. అయితే అక్కడ పేరుందంటే ఆ సంస్థ నమోదై ఉందని మాత్రమే అర్థం. మనకి మెసేజ్ పెట్టినవాడు ఆ సంస్థవాడే అని కాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

డబ్బు అడగకుండా వస్తువే ఎందుకు అడుగుతారంటే, వస్తువుకి జాడ ఉండదు. బ్యాంకు ద్వారా డబ్బు పంపితే ఎవరి ఖాతాలో పడిందో తెలుస్తుంది. స్టాంపు కవరులో వెళ్ళిపోతుంది, నెల తిరిగేసరికి వేరే పేరుతో వేరే చోట అమ్మకానికి వస్తుంది. మోసం చేసి ఆస్తి అప్పగించేలా చేయడం నేరమే. మనందరికీ నోటికి అలవాటైన 420 సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318 అయింది. కానీ ఇష్టపడి ఇచ్చిన దానం మోసమని నిరూపించడం మామూలు టెన్షన్ కాదు. దానికితోడు ఇచ్చినవాళ్ళకి సిగ్గు. ఇంత చదువుకుని ఎలా మోసపోయావని అంటారేమోనని స్టేషన్ దాకా వెళ్ళరు.

డబ్బు వైపు నుంచి వచ్చే రకం కూడా ఉంది. "మీరు చెప్పిన ధరకే కొంటాం, మా ట్రస్టు అకౌంట్ నుంచి వేస్తున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొడితే పోయేది మన డబ్బే. అలా పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

విదేశీ సంస్థ పేరుతో నాణెం అడిగితే ఇంకో చిక్కు ఉంది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. శాతవాహనుల సీసపు నాణేలనే కాదు, 1911లో కన్నుమూసిన ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా నాటి చార్మినార్ రూపాయిని విరాళమని విదేశానికి పోస్టు చేసినా, చిక్కుల్లో పడేది పంపినవాళ్ళే.

నా మెసేజ్ దగ్గరికి వస్తాను. నేను తిరిగి రాశాను. "సెట్టు అమ్మాక వచ్చిన డబ్బు మీ ఆశ్రమం ఖాతాకే వేస్తాను. ట్రస్టు పేరు మీదున్న ఖాతా నంబరు, 80జీ రిజిస్ట్రేషన్ నంబరు పంపండి." అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది. "సర్, అంత టైం లేదు. బాబు పరిస్థితి సీరియస్. సెట్టు కుదరకపోతే కనీసం రూపాయి స్టాంపు ఒక్కటి పంపండి." సెట్టులో అన్నిటికంటే ఖరీదైనది ఆ రూపాయి స్టాంపే. పిల్లాడి ఆపరేషన్‌కి స్టాంపు కావాల్సినవాళ్ళకి దౌలతాబాద్ బొమ్మ విలువ అంత కచ్చితంగా తెలియడం చూశాక నాకు ఇంకేం అడగాలనిపించలేదు.

సర్టిఫికెట్ ఫొటోలో ఉన్న ఆశ్రమం పేరు మాత్రం నిజమైనదే. నంబరు వెతికి పట్టుకుని మధ్యాహ్నం ఫోన్ చేశాను. ఒక పెద్దావిడ ఎత్తారు. విషయం చెప్పేసరికి కాసేపు ఏమీ అనలేదు. వెనక పిల్లలు భోజనాలకి కూర్చుంటున్న చప్పుడు, పళ్ళేల మోత వినిపిస్తోంది. ఈ నెలలో ఇలా అడుగుతూ ఫోన్ చేసినవాళ్ళలో నేను మూడోవాణ్ణట. ఒకాయన వెండి నాణేలు నిజంగానే పంపేశారట, అందాయా అని ఆవిణ్ణి అడిగారట.

"మాకు బియ్యం కావాలి, నోటుపుస్తకాలు కావాలి. స్టాంపులు మేమేం చేసుకుంటాం బాబూ?" అన్నారావిడ.