కొత్త బాస్ గిటార్‌కి పాతదనం తేవడం: అపోహలు - వాస్తవాలు

మాది విజయనగరం. పగలు ఫర్నిచర్ పాలిష్ పని, రాత్రి భోజనాలయ్యాక పెరట్లో రేకుల షెడ్డులో బాస్ గిటార్ల పని. ఇప్పటికి తొమ్మిది కట్టాను. అందులో ఐదింటికి కొత్తగా ఉండగానే పాతదనం తెచ్చాను, అంటే పాలిష్ అరిగినట్టు, సన్నగా బీటలు తీసినట్టు, తీగలు ఆనే బ్రిడ్జి, తీగలు బిగించే కీలు (ట్యూనింగ్ కీస్) మసకబారినట్టు చేశాను. దీన్ని రెలిక్ అంటారు. 1995లో అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్ వాళ్ల కస్టమ్ షాప్ ఈ పేరుతో గిటార్లు అమ్మడం మొదలెట్టాక ఇదొక ప్రత్యేకమైన పనితనం అయిపోయింది. ఈ మధ్య పలాస, శ్రీకాకుళం, బొబ్బిలి వైపు నుంచి చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో వాయించే కుర్రాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారు, సొంతంగా చేసుకుంటున్నారు, చాలా సంతోషం. కానీ మంచి చెక్కనీ, మూడు నెలల కష్టాన్నీ ఒక్క మధ్యాహ్నంలో పాడుచేసుకుని ఫొటో పంపితే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: శాండ్ పేపర్‌తో అక్కడక్కడా గీకేస్తే పాతదైపోతుంది.

వాస్తవం: అది గీకినట్టే ఉంటుంది, పాతగా ఉండదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే ఇళ్లకి వెళ్తే కొత్త వీణలు సరే, మరమ్మతుకొచ్చిన పాత వీణ ఉందేమో అడిగి చూడండి. కుండ అంచు మీద కుడి మణికట్టు ఆనే చోట పాలిష్ మెరుపు పోయి చెక్క నున్నగా, ముదురు రంగులో తేలి ఉంటుంది. దండి వెంట ఎడమచెయ్యి జారే దారీ అంతే. ఆ పక్కనే రెండు అంగుళాల దూరంలో పాలిష్ నిన్న కొట్టినట్టే ఉంటుంది. ఏళ్ల తరబడి చెయ్యి పడిన చోటే అరుగుతుంది, పడని చోట అరగదు.

బాస్‌కి చెయ్యి ఎక్కడ పడుతుందో చూడకుండా చాలామంది లీడ్ గిటార్ ఫొటోలు పెట్టుకుని కాపీ కొడుతున్నారు. గిటార్‌ని పిక్‌తో, అంటే చిన్న ప్లాస్టిక్ బిళ్లతో వాయిస్తారు కాబట్టి తీగల కింద పిక్‌గార్డ్ పలక అంతా గీతలు పడతాయి. మనవాళ్లలో ఎక్కువమంది బాస్‌ని వేళ్లతో వాయిస్తారు, బొటనవేలు పికప్ (తీగల కింద శబ్దాన్ని అందుకునే అయస్కాంతాల పెట్టె) అంచు మీదో, పైతీగ పక్కనో ఆనించి ఉంచుతారు. అందుకని పిక్‌గార్డ్ శుభ్రంగా ఉండి పికప్ మూల అరిగి ఉండాలి. ముంజేయి పడే పై అంచు అరగాలి. స్కేలే, అంటే మోగే తీగ పొడవే 34 అంగుళాలు, మెడ పొడుగు, తిరిగినప్పుడల్లా తల భాగం తలుపు చట్రానికో, డ్రమ్ములవాళ్ల సింబల్‌కో తగులుతుంది కాబట్టి అక్కడ దెబ్బలుండాలి. వెనకాల బెల్టు బకిల్ మచ్చ అని అందరూ పెడతారు. మన చర్చిల్లో సగం మంది కుర్చీలో కూర్చుని వాయిస్తారు, వాళ్ల బాస్‌కి బకిల్ మచ్చ రాదు, తొడ మీద ఆనే కింది వంపు అరుగుతుంది. ఎవరి కోసం చేస్తున్నామో వాళ్లు వాయిస్తుండగా ఒక గంట ఎదురుగా కూర్చుని చూడాలి. ఈ పనిలో అన్నిటికంటే విలువైన గంట అదే.

అరుగుదల వేరు, దెబ్బ వేరు. దెబ్బ తగిలిన చోట పాలిష్ పెచ్చులా ఊడుతుంది, దాని అంచు పదునుగా తెలుస్తుంది. అరిగిన చోటికి అంచే ఉండదు. దగ్గరగా చూడండి: ముందు క్లియర్ కోటు మసకబారుతుంది, తర్వాత రంగు పల్చబడుతుంది, ఆ తర్వాత సన్నటి ఉంగరంలా సీలర్, అంటే చెక్క రంధ్రాలు మూసే అడుగు కోటు కనిపిస్తుంది, మధ్యలో చెక్క. ఈ నాలుగూ ఒకదాన్లోకి ఒకటి కరిగిపోవాలి. పేపర్‌తో రుద్దితే ఒకేసారి చెక్క తేలిపోతుంది. నాకు పాలిష్ పని నేర్పిన మేస్త్రి మొదటిసారి నా అవస్థ చూసి, "పేపరెందుకు బాబూ, మనిషి ఒళ్లు గరుగ్గా ఉంటాదేటి? గుడ్డెట్టి రుద్దు" అన్నారు. అప్పటినుంచి పాత జీన్స్ ముక్క అరచేతికి చుట్టుకుని, కొద్దిగా రబ్బింగ్ కాంపౌండ్ వేసి, ముంజేయి కదిలే దిశలోనే రుద్దుతున్నాను. మూడు నాలుగు సాయంత్రాలు పడుతుంది. తొందరైతే మొదట్లో మాత్రం 800 వాటర్ పేపర్ తడిపి వాడొచ్చు, చెక్క తేలకముందే ఆపేసి గుడ్డకి మారాలి.

అపోహ: ఏ పాలిష్ మీదైనా బీటలు తెప్పించొచ్చు.

వాస్తవం: రాదు. పీయూ (పాలీయురెథేన్) పాలిష్ వంగుతుంది, సాగుతుంది, పెచ్చులూడుతుంది, అంతేగానీ వెంట్రుకలాంటి బీటలు తియ్యదు. ఆ బీటలు ఎన్.సి. లక్కర్, అంటే నైట్రోసెల్యులోజ్‌ సొత్తు. ఏళ్లు గడిచేకొద్దీ లక్కర్‌ని మెత్తగా ఉంచే పదార్థం ఎగిరిపోయి పొర పెళుసవుతుంది, కింద చెక్క వాతావరణాన్ని బట్టి ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉంటుంది, పైనున్న పొర దానితో పాటు కదల్లేక బీట తీస్తుంది. వేడి నుంచి ఒక్కసారి చలిలోకి వెళ్లినా అంతే. పీయూ కొట్టేసి బ్లేడుతో గీతలు గీసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. బ్లేడు గీత ఒకే లోతులో సాగుతుంది, వెలుతురుకి ఏటవాలుగా పెట్టి చూస్తే ఇట్టే దొరికిపోతుంది.

నేను చేసే పద్ధతి చెప్తాను. లక్కర్ పల్చగా కొట్టి రెండు నెలలు కదపకుండా ఆరనిస్తాను. మెడ, పికప్‌లు బిగించకముందు, ఉత్త బాడీని మాత్రమే తీసుకెళ్లి స్నేహితుడి ఐస్‌క్రీమ్ షాపులో పెట్టె ఫ్రీజర్లో పెడతాను. చలికాలంలో వాళ్లకి బేరం తక్కువ, ఫ్రీజర్ సగం ఖాళీగా ఉంటుంది. గంట తర్వాత బయటికి తీసి, పట్టిన తేమ వెంటనే తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో దూరం నుంచి వెచ్చగా గాలి కొడతాను. చెవి దగ్గర పెడితే టిక్, టిక్ అని సన్నగా వినిపిస్తుంది. ఆ శబ్దం వచ్చినప్పుడల్లా ఒక గీత పుడుతుంది, ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. మొదటిసారి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక్కోసారి ఏమీ రాదు, ఇంకో నెల ఆరనిచ్చి మళ్లీ పెట్టాలి. గీతలు వచ్చాక గోధుమరంగు బూట్ పాలిష్ గుడ్డతో పూసి తుడిచేస్తే మురికి పట్టినట్టు తేలతాయి. పైన ఇంకో కోటు కొట్టే ఆలోచన ఉంటే మాత్రం ఈ పాలిష్ ముందే పూయకండి, మైనం ఉన్నచోట లక్కర్ పట్టదు, గుంటలు గుంటలుగా విరిగిపోతుంది.

అపోహ: పాత ఫెండర్లన్నీ అడుగు నుంచి పైదాకా ఎన్.సి. లక్కరే, అందుకే చెక్క ఊపిరి పీల్చుకుంటుంది.

వాస్తవం: 1960ల మొదట్లోనే ఫెండర్ వాళ్లు లక్కర్ కింద వేరే గట్టి సీలర్ కోటు వేశారు. మెటాలిక్ రంగులు కొన్ని కార్లకి వాడే యాక్రిలిక్ లక్కర్. 1960ల చివరికొచ్చేసరికి బాడీలకి మందపాటి పాలిస్టర్ వచ్చేసింది. ఇక ఊపిరి అంటారా, నరికి, ఎండబెట్టి, కోసిన చెక్క ఊపిరి తియ్యదు. తేమ మాత్రం పోతూ వస్తూ ఉంటుంది, ఏ పాలిష్ కొట్టినా దాని వేగం తగ్గుతుందే గానీ పూర్తిగా ఆగదు.

అపోహ: స్ప్రే ఎప్పుడైనా కొట్టుకోవచ్చు.

వాస్తవం: మనది సముద్రం పక్క గాలి. వీడియోల్లో చెప్పేవాళ్లు పొడిగాలి ఊళ్లలో ఉంటారు. ఎన్.సి. థిన్నర్ చాలా త్వరగా ఎగిరిపోతుంది, ఎగిరేటప్పుడు పొరని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలో తేమ పొరలోకి దిగుతుంది. నల్ల రంగు కొట్టి పది నిమిషాల తర్వాత చూస్తే పాలు పోసినట్టు తెల్లబారి ఉంటుంది. కళింగపట్నం వైపు నుంచి ఒక తమ్ముడు వానాకాలం సాయంత్రం పూట కొట్టేసి ఏడుపు గొంతుతో ఫోన్ చేశాడు. కంగారుపడి గీకేయొద్దన్నాను. ఎన్.సి. ఆరిన తర్వాత కూడా థిన్నర్‌కి మళ్లీ కరుగుతుంది, అదే దాని గొప్పతనం. మర్నాడు ఎండెక్కాక నిదానంగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ని మంచులా పల్చగా కొడితే తెలుపు పోయింది. నా లెక్కలో సంక్రాంతి నుంచి మార్చి దాకా, పొద్దున్న పదకొండు నుంచి మూడు మధ్య కొట్టడం మేలు. మిగతా రోజుల్లో తప్పనిసరైతే రిటార్డర్ కలుపుకోండి. ఒక్క మాట, ఎన్.సి. పెట్రోలులా అంటుకుంటుంది. వంటింటి పక్కన, అగరొత్తి వెలుగుతున్న గదిలో వద్దు. ఆవిరికి సరిపోయే మాస్క్ పెట్టుకోండి, ముక్కుకి కట్టిన చేతిరుమాలు దేన్నీ ఆపదు.

అపోహ: రంగు అరగదీస్తే కింద చెక్క దానంతటదే పాతగా కనిపిస్తుంది.

వాస్తవం: నేను పనస వాడతాను, వీణల చెక్కే. కోసిన కొత్తలో పనస పసుపు పచ్చగా ఉంటుంది, వెలుతురు తగిలేకొద్దీ ఎర్రటి గోధుమరంగులోకి తిరుగుతుంది. పైన అరవై ఏళ్ల పాలిష్, కింద నిన్న కోసిన పసుపు చెక్క ఉంటే, మోకాలు కొట్టుకుపోయిన పిల్లాడి దెబ్బలా కనిపిస్తుంది. మందుల కంటే ముందు ఎండని నమ్మండి. చెక్క తేలిన చోటు మాత్రం తెరిచి, మిగతాదంతా గుడ్డ చుట్టి, లేత ఎండలో రోజుకి రెండు గంటల చొప్పున కొన్ని వారాలు పెడితే రంగు తిరుగుతుంది. నడి ఎండలో పెడితే చెక్క విచ్చుతుంది, జాగ్రత్త. తొందరగా కావాలంటే చిక్కటి టీ డికాక్షన్ పూసి, ఆరాక, ఇనప మేకులు నానబెట్టిన వెనిగర్ పల్చగా పూస్తే నిమిషాల్లో నల్లబడుతుంది. టేకు, పనస, మామిడి ఒక్కోటీ ఒక్కోలా తిరుగుతాయి, అదే చెక్క తునక మీద చూసుకోకుండా బాడీ మీద పెట్టకండి.

అపోహ: బ్రిడ్జి, కీలకి యాసిడ్ పొగ పెడితే చాలు.

వాస్తవం: ఈ విషయంలో నాకు తగిలిన దెబ్బ మర్చిపోలేను. మూడో బాస్ చేసేటప్పుడు బాత్రూమ్ యాసిడ్ గిన్నెని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన బ్రిడ్జి వేలాడదీసి, మూత సరిగ్గా పడిందో లేదో చూసుకోకుండా షెడ్డులో వదిలేసి పడుకున్నాను. తెల్లారి చూస్తే బ్రిడ్జి బాగానే వచ్చింది, గోడకున్న ఉలులు, చిత్రిక బ్లేడ్లు అన్నిటికీ తుప్పు పట్టేసింది. అవి నాన్నగారివి. రెండింటి మీద గుంటలు ఇప్పటికీ పోలేదు. యాసిడ్ పని ఆరుబయట, పనిముట్లకి దూరంగా, చేతి తొడుగులతో, కళ్లద్దాలతో చెయ్యాలి, తర్వాత వంటసోడా నీళ్లలో కడగాలి. యాసిడ్‌కి బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ తగలనివ్వద్దు, విషవాయువు పుడుతుంది. అసలు క్రోమ్ పూత మొండిది, దాంతో కుస్తీ కంటే నికెల్ పూత సామాను కొనుక్కోవడం మేలు. బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే శాడిల్స్‌లో ఉండే చిన్న స్క్రూలని మాత్రం ముందే విప్పి పక్కన పెట్టండి. అవి తుప్పు పట్టి బిగుసుకుంటే తీగ ఎత్తు ఇంక మార్చలేరు, చూడ్డానికి బాస్ ఉంటుంది, వాయించడానికి ఉండదు.

ఇంకోటి, మెడ వెనక నున్నగా చెయ్యడానికి స్టీల్ ఊల్ (సన్నటి ఇనప పీచు) వాడతారు కదా, పికప్‌లు బిగించి ఉండగా వాడొద్దు. లోపల అయస్కాంతాలు, ఆ ఇనప పొడి అంతా వెళ్లి అతుక్కుంటుంది.

అపోహ: పాలిష్ అరిగితే పాత బాస్ సౌండ్ వస్తుంది.

వాస్తవం: రాదు. అమెరికా మోటౌన్ కంపెనీ రికార్డుల్లో జేమ్స్ జేమర్‌సన్ వాయించిన 1962 ఫెండర్ ప్రెసిషన్ బాస్ సౌండ్ కావాలని అడుగుతారు. ఆయన లావుపాటి ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు నున్నగా ఉండే) తీగలు వేసి ఏళ్ల తరబడి మార్చేవారు కాదు, బ్రిడ్జి కవర్ కింద స్పాంజి ఉండేది, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించేవారు. ఆ సౌండ్ అక్కడుంది. మా ఇంట్లో ఒకే బాస్‌ని అరగదీయకముందు, తర్వాత రికార్డు చేసి విన్నాను, అవే తీగలు, అదే పికప్, నా చెవికి తేడా తెలియలేదు. మారేది చేతికి తగిలే తీరు. మెడ వెనక మెరుపు కోటు తీసేస్తే చెమట చేతికి అతుక్కోకుండా జారుతుంది, మన ఉక్కపోతలో అది పెద్ద సుఖం.

అపోహ: రెలిక్ చెయ్యడం మోసం.

వాస్తవం: 1962 నాటిదని చెప్పి అమ్మితే మోసం. నేను మెడ బిగించే గుంతలో కట్టిన సంవత్సరం, నెల, ఊరు పెన్సిల్‌తో రాసి పైన పల్చగా లక్కర్ కొడతాను. ఎవరు విప్పినా కనిపిస్తుంది.

అపోహ: ఎంత ఎక్కువ అరిగితే అంత నిజంగా ఉంటుంది.

వాస్తవం: నాలుగో బాస్ పలాస కుర్రాడి కోసం చేశాను. "అన్నా, బొటనవేలు పెట్టే చోట బాగా చెక్క కనపడాలి" అని పట్టుబట్టాడు. ముంజేయి అంచు, తల భాగం చేసి, ఆ ఒక్క చోటూ వదిలేశాను. అక్కడ నీ వేలే అరగదీయాలి తమ్ముడూ, అన్నాను. అలిగాడు, తీసుకెళ్లాడు. రెండేళ్ల తర్వాత మెడ సరిచేయించుకోవడానికి తెచ్చాడు. నేనైతే మెడ వైపు పికప్ మూలలో రుద్దేవాణ్ని. అతను బ్రిడ్జి వైపు పికప్ మీద వేలు పెడతాడట. అక్కడ అర్ధరూపాయి బిళ్లంత మేర రంగు పల్చబడి, మధ్యలో గోరంత పనస చెక్క తేలి ఉంది.